గుడ్డు నాది, కడుపు నీది

జూన్ 14

అక్కా,

స్కూలు తెరిచి నాలుగు రోజులైంది. స్టాఫ్ రూములో ఫ్యాను ఈ ఏడాది కూడా బాగు చేయించలేదు. తిరగడం తక్కువ, మూలగడం ఎక్కువ. దాని కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వు ఎప్పటిలాగే స్కూలు అడ్రసుకే రాయి. ఇంటికి రాస్తే మా అత్తగారు కవరు ఎత్తి వెలుగులో పెట్టి చూస్తారు. ఫోనంటావా, మా ఇల్లు నీకు తెలిసిందే. వంటింట్లో దగ్గితే వీధి గదిలోంచి మంచినీళ్ళు వస్తాయి.

ఈసారి నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు. అంటే మన పిట్ట నా క్లాసులోనే. మూడో బెంచీలో కూర్చుని, నేనెవరో తెలియనట్టు ముఖం పెట్టి నోట్సు రాసుకుంటుంది. మొన్న క్షీరదాల పాఠం మొదలుపెట్టాను. "పిల్లల్ని కంటాయి, పాలిస్తాయి" అని బోర్డు మీద రాశానో లేదో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మరి ప్లాటిపస్ గుడ్డు పెడుతుంది కదా టీచర్. గుడ్డు పెట్టినందుకు అమ్మా, పాలిచ్చినందుకు అమ్మా?" అంది. "రెండూ అదే చేస్తుంది కాబట్టి ఆ గొడవే లేదు, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. పిట్ట కూడా నవ్వింది.

పుస్తకంలో గుడ్లు పెట్టే క్షీరదాల మీద ఉన్నది రెండే లైన్లు. నువ్వు పదకొండేళ్ళుగా ఆ జంతువుల పార్కులో ఎకిడ్నాలకి చాకిరీ చేస్తున్నావు కదా, పిల్లలకి అర్థమయ్యేలా నాలుగు ముక్కలు రాసి పంపు. చదివి వినిపిస్తాను.

అసలు కబురు చివర్న చెబుతున్నా. పిట్ట స్కూళ్ళ ఈత పోటీలకి ఎంపికైంది. సెప్టెంబర్ ఆఖర్లో పోటీలు. రోజూ పొద్దున ఐదున్నరకే కొలనుకి పోతోంది. దిండు గలీబులకి కూడా క్లోరిన్ వాసనే. మీ మరిది కళ్ళజోళ్ళ షాపులో ఇప్పుడు ఎవరు చూపు పరీక్షకి వచ్చినా, అక్షరాలు చదివే ముందు కూతురి సంగతి వినాలి.

నీ చెల్లెలు


జూన్ 23

చిన్నదానా,

నీ ఉత్తరం మంచి సమయానికి అందింది. మా సూదులమ్మ గుడ్డు పెట్టింది. ఎకిడ్నాలు రెండున్నా నాకు పని ఎక్కువ చెప్పేది ఇదే, అందుకే ఆ పేరు. ఒళ్ళంతా ముళ్ళు, ముఖం స్థానంలో ఒక గొట్టం, చీమలు తప్ప లోకంలో ఇంకేమీ పట్టవు. ఇరవయ్యొకటిన పొద్దున తూకం వేద్దామని ఎత్తబోతే పొట్ట కింద సంచి బిగుసుకుని ఉంది. మా జంతువుల డాక్టరు చిన్న లైటు వేసి చూసి, "అక్కా, చూడు" అన్నాడు. ద్రాక్షపండంత గుడ్డు. కోడిగుడ్డులా పెంకు కాదు, మెత్తని తోలు. నేను వచ్చాక ఇక్కడ ఇదే మొదటిది.

నీ పిల్లలకి ఇలా చెప్పు. మనలాంటి జంతువులకి కడుపులో మాయ ఉంటుంది. దాని ద్వారానే తిండి, ఊపిరి అందించి, బిడ్డ పూర్తిగా తయారయ్యాక కంటాం. కంగారూ లాంటివి సగం తయారైన పిల్లని కని, మిగతా సగం సంచిలో పెంచుతాయి. సూదులమ్మ జాతికి ఆ ఓపిక కూడా లేదు. గుడ్డు పెట్టి పొట్ట మీది సంచిలో వేసుకుంటుంది. పది రోజులకి పిల్ల బయటికొస్తుంది. పాలున్నాయి గానీ చనుమొనలు లేవు. పొట్ట చర్మం మీద రెండుచోట్ల పాలు చెమటలా ఊరతాయి, పిల్ల నాక్కుంటుంది. గుడ్డు పెట్టినా క్షీరదం ఎందుకయిందంటే ఆ పాల వల్లే.

నీ వెనక బెంచీ పిల్ల గట్టిదే. దానికి నా తరఫున ఇంకో మాట చెప్పు. ఇది గుడ్డు ఇచ్చేసి చేతులు దులుపుకునే రకం కాదు. పొట్టకి కట్టుకుని తిరుగుతుంది. దాన్ని చూస్తుంటే నాకు కాస్త అసూయగా ఉంది, నవ్వకు.

పిట్టని మరీ గంటలు గంటలు నీళ్ళలో ఉంచకు. ఎందుకో తర్వాత రాస్తాను.

అక్క


జూలై 1

అక్కా,

పాఠం బాగా జరిగింది. పాలు చెమటలా ఊరతాయంటే పిల్లలు ముఖాలు వికారంగా పెట్టారు. ఆ చివరి పేరా మాత్రం చదవలేదు. చదవలేకపోయాను.

"గుడ్డు ఇచ్చేసి చేతులు దులుపుకునే రకం కాదు" అంటే ఏమిటి నీ ఉద్దేశం? "అసూయ" ఎవరి మీద? నాలుగు రోజులు ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాను, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు.

పదిహేనేళ్ళ కింద నాలో గుడ్లు తయారు కావని డాక్టరమ్మ చెప్పిన రోజు, నేను నోరు తెరవకముందే "నావి తీసుకో" అన్నది నువ్వే. నేను అడగలేదు. నీ గుడ్డు, మీ మరిది బీజం, నా కడుపు. ఆ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ముగ్గురం మాట అనుకున్నాం, ఈ సంగతి ఈ ముగ్గురితోనే పోవాలని. "నేను పెద్దమ్మనే, అంతకంటే వెంట్రుకవాసి కూడా ఎక్కువ కాదు" అన్నావు. ఆ మాట నీదే. తొమ్మిది నెలలు వాంతులు చేసుకున్నది నేను. పురిటి బల్ల మీద ఒక పగలూ ఒక రాత్రీ అరిచింది నేను. దానికి జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను.

ఇప్పుడు దాన్ని నీళ్ళలో ఎంతసేపు ఉంచాలో కూడా నువ్వే చెబుతున్నావు. దానం చేసిన ఆవు పళ్ళు ఎంచకూడదంటారు. ఇచ్చినవాళ్ళే రోజూ వచ్చి పళ్ళు లెక్కపెడితే ఏమనాలో తెలియదు.

చెల్లెలు


జూలై 12

చెల్లీ,

నేను గుడ్డు గురించి రాస్తే ఎకిడ్నా గుడ్డు గురించే రాశాను. నువ్వు దాన్ని ఎక్కడికో తీసుకుపోయావు. అసూయ అన్న మాట నిజమే, రాయకుండా ఉండాల్సింది. ఆ సంగతి ఇక్కడితో ఆపుదాం. ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. కూర్చుని చదువు.

ఏప్రిల్లో ఒక కోతి బోనులోంచి తప్పించుకుంటే నేనూ దాని వెనక పరిగెత్తాను. ఇరవై అడుగులు వేశానేమో, ఆ తర్వాత నాకు గుర్తు లేదు. గుండె ఆగిపోయిందట. తోటివాళ్ళు గుండె మీద గుద్ది గుద్ది లేపారట. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. అప్పటినుంచి పరీక్షల మీద పరీక్షలు. రక్తపరీక్ష ఫలితం మొన్న వచ్చింది. గుండె కొట్టుకునే లయలోనే పుట్టుకతో ఒక లోపం ఉందట. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. పరిగెత్తితే, మరీ ముఖ్యంగా ఈత కొడితే, ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోతుంది. ఇది వంశంలో దిగే జబ్బు.

నేను చిన్నప్పుడు పరుగుపందెంలో పడిపోతే నాన్న "సరిగ్గా తిండి తినదు" అనేవాడు, గుర్తుందా? అమ్మ తమ్ముడు చిన్నమామయ్య ఎలా పోయాడో గుర్తుందా? కాలువని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పదిసార్లు ఈదే మనిషి, నడుములోతు నీళ్ళలో పోయాడు. నరం పట్టేసిందన్నారు. నరం కాదది.

డాక్టరు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తోబుట్టువులకి ఉండే అవకాశం సగానికి సగం. పిల్లలకీ అంతే. "మీకు పిల్లలున్నారా?" అని అడిగాడు. లేరన్నాను. అనేసి బయటికొచ్చి వరండాలో బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

నా రిపోర్టు జత చేశాను. నువ్వు పరీక్ష చేయించుకో. పిట్టకి చేయించు. ఫలితం తెలిసేదాకా దాన్ని నీళ్ళలోకి దింపకు. ఉన్నా భయం లేదు, రోజూ మాత్ర వేసుకుంటే చాలు. నేను వేసుకుంటున్నాను.

గుడ్డు పగిలి పిల్ల వచ్చింది. చింతగింజంత. కళ్ళు లేవు, ముళ్ళు లేవు.

అక్క


ఆగస్టు 8

అక్కా,

నీ ఉత్తరం చదివి వరసగా రెండు పీరియడ్లు పాఠం చెప్పలేకపోయాను. ఏప్రిల్లో అంత జరిగితే నాకు ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. మాత్రలు మానకు. కోతులు పోతే పోనీ, వాటి వెనక నువ్వు పరిగెత్తకు.

గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ కాగితాలు చూపించాను. గుండెకి తీగలు పెట్టి పరీక్ష చేశారు, రక్తం తీశారు. మూడు వారాలకి నిన్న ఫలితం వచ్చింది. నాకు లేదు. ఆయన రిపోర్టు మడిచి ఇస్తూ, "మీకు లేనిది మీ పిల్లకి మీ నుంచి రాదమ్మా. అమ్మాయికి ఈ పరీక్ష అక్కర్లేదు, హాయిగా ఈత కొట్టనివ్వండి" అన్నారు.

నువ్వేం అడుగుతావో తెలుసు. చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచాను. పక్క కుర్చీలో మా అత్తగారు ఉన్నారు, మోకాళ్ళ నొప్పికి అదే ఆసుపత్రిలో మందు రాయించుకోవాలని నాతో వచ్చారు. ఆవిడ ముందు ఆ మాట ఎలా చెప్పను? తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే అసలు చెప్పాల్సిన పనేముందనిపించింది. తొమ్మిది నెలలు నా నెత్తురు తాగి పెరిగిన పిల్ల. నా నెత్తుట్లో లేని జబ్బు దానికి ఎక్కడినుంచి వస్తుంది? పుట్టి పధ్నాలుగేళ్ళయింది, ఒక్కసారి కళ్ళు తిరిగి పడిన పాపాన పోలేదు.

రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను. నువ్వూ నిశ్చింతగా ఉండు.

నీ చెల్లెలు


ఆగస్టు 14

చెల్లీ,

నువ్వు సైన్సు టీచరువి. ఇది నేను నీకు చెప్పాల్సి రావడం మన ఇద్దరికీ సిగ్గుచేటు.

మాయ తిండి ఇస్తుంది, ఊపిరి ఇస్తుంది, చెత్త తీసేస్తుంది. బిడ్డ గుండె ఎలా కొట్టుకోవాలన్న రాత మాయలో ఉండదు. నీ నెత్తుట్లోనూ ఉండదు. సగం గుడ్డులో ఉంటుంది, సగం తండ్రి దగ్గర్నుంచి వస్తుంది. ఆ గుడ్డు నాది. నాకున్న జబ్బు దానికి ఉందో లేదో చెప్పగలిగింది దాని రక్తం ఒక్కటే. నీ రిపోర్టు శుభ్రంగా వస్తే నీకు మంచిదే. పిట్టకి మాత్రం అది ఎందుకూ పనికిరాదు. ఈ విషయంలో నీ రిపోర్టెంతో, పక్కింటావిడ రిపోర్టూ అంతే.

ఆ డాక్టరు చెప్పింది తప్పు కాదు. నువ్వు చెప్పనిది తప్పు. రేపే వెళ్ళు. అత్తగారిని ఇంట్లో దింపి వెళ్ళు. ఒక్క వాక్యం చాలు.

అక్క


ఆగస్టు 22

అక్కగారికి,

పక్కింటావిడ రాయునది.

ఇంతకాలానికి మనసులో మాట బయటపెట్టారు, సంతోషం. పధ్నాలుగేళ్ళు పిల్లని పెంచి నేను పక్కింటావిడనయ్యాను. ఏడాదికి రెండుసార్లు గౌను కొని తెచ్చి, బుగ్గలు నొక్కి, సాయంత్రం బస్సెక్కి పోయే మనిషి తల్లయ్యింది. కాకి పొదిగినా కోయిల కోయిలేనని చెప్పడానికేగా ఇన్ని ఉత్తరాలు. దానికింత డొంకతిరుగుడెందుకు, ముందే అనొచ్చు.

ఒకటి అడుగుతాను. నీకు జబ్బు తెలిసింది జూలైలో. జూన్ నుంచే గుడ్డు కథలు, అసూయ కబుర్లు మొదలయ్యాయి. ముందు వచ్చిందేది? జబ్బా, పిల్ల మీద ఆశా? ఇప్పుడు డాక్టరు గదిలో నేను నోరు విప్పితే అది ఫైలుకి ఎక్కుతుంది. ఫైలుకి ఎక్కితే ఇంటికి వస్తుంది. ఇంటికి వస్తే పిట్టకి తెలుస్తుంది. నీకు కావలసింది అదే.

మొన్న అది ఎంపికైనప్పటి సమయం కంటే రెండు సెకన్లు ముందే ఒడ్డుకొచ్చింది. తల తుడుచుకుంటూ "పెద్దమ్మ పోటీలకి వస్తుందా?" అని అడిగింది. పని ఉందట, రాదు అన్నాను. నువ్వు ఫోను చేస్తే ఎత్తను. వస్తే గుమ్మంలోంచే పంపిస్తాను. నా మాట కఠినంగా ఉందనుకుంటావేమో. ఇది నా కూతురు.

ఇట్లు,
పిట్ట వాళ్ళమ్మ


ఆగస్టు 29

చెల్లీ,

ఆరుసార్లు ఫోను చేశాను. మరిదికి చేస్తే, "వదినా, మీ అక్కచెల్లెళ్ళ మధ్య నేను దూరను, అది డాక్టర్ని కలిసింది కదా" అని పెట్టేశాడు.

ఈత మాస్టారికి ఉత్తరం రాశాను. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు, మాటకి కట్టుబడే ఉన్నాను. తల్లి తరఫు కుటుంబంలో ఈ జబ్బు ఉంది, పిల్లకి పరీక్ష అయ్యేదాకా నీళ్ళలోకి దింపవద్దని మాత్రం రాసి, నా రిపోర్టు నకలు పెట్టాను.

తిట్టుకో. తిట్లకి నేను చావను.

అక్క


సెప్టెంబర్ 7

మాస్టారు నన్ను పిలిపించారు. కొలను పక్కన ఆయన గది. గోడకి తడి తువ్వాళ్ళు, బల్ల మీద ఈలలు, నీ ఉత్తరం. "ఇదేంటి మేడమ్?" అన్నారు. నా రిపోర్టు తీసి ఇచ్చాను. తల్లికి ఈ లోపం లేదు, పిల్లకి పరీక్ష అవసరం లేదు అని డాక్టరు సంతకంతో, ముద్రతో ఉంది. ఆయన రెండుసార్లు చదివారు. "సారీ మేడమ్. ఎవరో పెద్దావిడ బెంగపడి రాసినట్టున్నారు" అన్నారు.

"మా అక్కండీ. ఆమెకి పిల్లల్లేరు. అందుకని అప్పుడప్పుడూ కాస్త ఇలా..." అన్నాను.

ఆయన అర్థమైందన్నట్టు తల ఊపారు. ఆ మాట అన్నందుకు నాకేమీ బాధగా లేదు. ఇక రాయకు.


సెప్టెంబర్ 15

చెల్లీ,

రాయకు అన్నావు గానీ రాస్తున్నాను. ఈ ఒక్కటీ చదివి చింపెయ్యి.

నువ్వు నన్ను అడిగావు, ముందు వచ్చింది జబ్బా, ఆశా అని. నిజం చెబుతాను. నీకు జబ్బు లేదని నువ్వు రాసిన ఉత్తరం విప్పినప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం కాదు. "అయితే పిట్టకి ఉంటే అది నా దగ్గర్నుంచే" అనిపించింది. ఒక్క క్షణం. జబ్బు రూపంలోనైనా అది నాదని ఎక్కడో ఒక కాగితం మీద ఉంటుందనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టి, చీమల గిన్నెలు మళ్ళీ మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను. కాబట్టి నువ్వు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. నా బుద్ధి వంకర కావచ్చు. జబ్బు అబద్ధం కాదు. నేను చెడ్డదాన్నయితే పిట్ట గుండె బాగుపడదు.

నీకేం కావాలో అడుగు. ఇంకెప్పుడూ పిట్ట కంటబడనని కాగితం మీద రాసిస్తాను. గౌన్లు తేను. ఇంకా దూరం ఊరికి బదిలీ అడుగుతాను. డాక్టరుకి ఒక్క వాక్యం చెప్పు, ఫైల్లో రాయవద్దని కూడా చెప్పు, వాళ్ళు రహస్యం దాస్తారు. పోటీలు ఇంకో పదమూడు రోజులే ఉన్నాయి.

నేనే వద్దామనుకున్నాను. పిల్లకి ముళ్ళు మొలుస్తుంటే సూదులమ్మ దాన్ని సంచిలోంచి దించి బొరియలో పెట్టింది. ఇక ఐదారు రోజులకోసారి వచ్చి పాలిచ్చి పోతుంది. అది నిలదొక్కుకునేదాకా నన్ను కదలవద్దన్నారు, సెలవు లేదన్నారు. నువ్వేమో గుమ్మంలోంచి పంపిస్తానంటున్నావు.

జవాబు రాయి. తిడుతూనే రాయి.

అక్క


అక్టోబర్ 12

అక్కా,

మొన్న నువ్వు వచ్చినప్పుడు మనం రెండు ముక్కలైనా మాట్లాడుకోలేదు. ఎలా జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనే చెప్పాలి.

సెప్టెంబర్ 28. నలుగురు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు ఈదే పోటీ. ఆఖరిది పిట్ట. దూకింది, సగం దూరం దాకా అందరికంటే ముందుంది. నేను పైన బల్లల మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాను. నీళ్ళలో దాని చేతులు ఆగిపోయాయి. వెనకాల వాళ్ళు దాన్ని దాటిపోయారు. నేను ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాను, అలిసిపోయిందేమో అనుకుని. మాస్టారు బూట్లతోనే దూకారు. గట్టు మీద పడుకోబెట్టి గుండె నొక్కారు. గుండెకి కరెంటు ఇచ్చే పెట్టె గోడకి ఉంటే తెచ్చి పెట్టారు. రెండోసారికి ఊపిరి తీసుకుంది. ఆయన నా వైపు ఒకసారి చూశారు.

ఆసుపత్రిలో అదే డాక్టరు. "మీకు లేదన్నాను కదమ్మా, మరి ఇదెలా?" అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. మీ మరిది, మా అత్తగారు, ఒక నర్సు, అందరూ ఉన్నారు. చెప్పాను. "గుడ్డు మా అక్కది" అన్నాను. ఎంత చిన్న వాక్యమో. ఆయన కళ్ళజోడు తీసి, "ఇది ఆగస్టులో చెప్పి ఉంటే..." అని ఆగిపోయారు. కళ్ళజోడు పెట్టుకుని ఫైల్లో రాసుకున్నారు.

మా అత్తగారు ఏమన్నారో చెబితే నవ్వుతావు. "నా కొడుకు బిడ్డేగా. నువ్వే కన్నావుగా. ఇందులో దాచడానికేముంది?" అన్నారు. పదిహేనేళ్ళు ఈవిడకి భయపడ్డాను నేను.

ఫైలు మంచం కాళ్ళ దగ్గర తగిలించి ఉంటే పిట్ట మూడో రోజు తీసి చదివింది. విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది, ఆ పాఠం నేను చెప్పిందే. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. పాలు ఇస్తే తాగుతుంది, మాత్ర ఇస్తే వేసుకుంటుంది, దువ్వుతానంటే తల వంచుతుంది. మాట మాత్రం లేదు. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది, అయినా అంతే. స్కూల్లో చేరిన కొత్తలో నన్ను టీచర్ అనాలా అమ్మ అనాలా అని అడిగేది. ఇప్పుడు ఏదీ అనడం లేదు.

మూడో తేదీన మీ మరిది ఫోను చేస్తే నువ్వు వచ్చావు. అది నన్ను చూడకుండానే "నేను ఆవిడతో మాట్లాడాలి, మీరిద్దరూ బయటికి వెళ్ళండి" అంది. మూడు రోజుల తర్వాత దాని నోట వచ్చిన మొదటి మాట అది, వాళ్ళ నాన్నకీ నాకూ కలిపి. తలుపులో చిన్న అద్దం ముక్క ఉంది. ఇరవై నిమిషాలు అందులోంచి చూస్తూ నిలబడ్డాను. నీ పెదవులు కదలడం కనిపించింది, మాట వినబడలేదు. నువ్వు బయటికొచ్చి నా పక్కనుంచే నడిచి మెట్లు దిగిపోయావు. నా ముఖం చూడలేదు.

అది నీతో ఏమంది? నన్ను ఏమంది? నిన్ను అమ్మా అని పిలిచిందా? దాచకుండా రాయి. దాచడం ఎలా ఉంటుందో నాకిప్పుడు బాగా తెలుసు.

చెల్లెలు


అక్టోబర్ 19

చెల్లీ,

అమ్మా అనలేదు. పెద్దమ్మా అని కూడా అనలేదు. పుట్టినప్పటి నుంచి నన్ను "నువ్వు" అన్న పిల్ల, ఆ రోజు "మీరు" అంది. నీ గురించి ఒక్క మాట అడగలేదు, అనలేదు. నువ్వు భయపడినట్టు నేను దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోలేదు. నాకు దక్కలేదు కూడా.

కుర్చీ చూపించి కూర్చోమంది. ఒళ్ళో చిన్న పుస్తకం, చేతిలో పెన్సిలు. మా డాక్టరు కూడా నన్ను అంత పద్ధతిగా అడగలేదు. "మీరు మొదటిసారి పడిపోయినప్పుడు మీ వయసెంత?" పదకొండు అన్నాను. రాసుకుంది. "ఏ మాత్ర? ఎంత?" చెప్పాను. "అది వేసుకుంటే నిద్ర ఎక్కువ వస్తుందా?" మొదట్లో వస్తుంది, తర్వాత అలవాటవుతుంది అన్నాను. "నేను మళ్ళీ ఈదొచ్చా?" లేదమ్మా అన్నాను. ఆ "అమ్మా" అన్నది నోరు జారి వచ్చింది, ఎవరినైనా అంటాం కదా, అలా. అది పెన్సిలు ఆపి నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

తర్వాత పుస్తకం మూసింది. "ఈ జబ్బు సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?" అంది. జూలైలో అన్నాను. "నాకు ఉండొచ్చని మీకు అప్పుడే తెలుసా?" అంది. తెలుసన్నాను. "మరి ఏం చేశారు?"

మీ అమ్మకి ఉత్తరాలు రాశాను అన్నాను. మాస్టారికీ రాశాను అన్నాను. నేను చేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. చెబుతుంటే నాకే అవి చిన్నవైపోతూ కనిపించాయి.

"మీరిద్దరూ కలిసి ఎన్ని ఉత్తరాలు రాసుకున్నారు, ఆ సంగతి తెలిశాక?"

వేళ్ళ మీద లెక్కపెట్టి, ఏడు అన్నాను.

నువ్వు గుమ్మంలోంచి పంపిస్తానన్నావని దానికి చెప్పలేదు. సెలవు ఇవ్వలేదని చెప్పలేదు. సూదులమ్మ పిల్ల సంగతీ చెప్పలేదు, అది బతికే ఉంది, ఇప్పుడు పిడికిలికి పట్టదు. నువ్వు పిలుస్తావేమోనని, పిలిస్తే నా మాట నెగ్గినట్టవుతుందని చూస్తూ కూర్చున్నానని అసలే చెప్పలేదు. అది నీకూ ఇప్పుడే చెబుతున్నాను.

"మీ ఊరి నుంచి ఇక్కడికి బస్సు ఉందా?" అంది.

ఉంది అన్నాను.

"ఎన్ని గంటలు పడుతుంది?"

ఆరు అన్నాను.

అది దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను.

అక్క